గది వాళ్లది, ఇల్లు అందరిది

మంచం మీద తడి తువ్వాలు, కుర్చీ మీద విడిచిన బట్టల గుట్ట, చదువుకునే బల్ల మీద నిన్న రాత్రి తిన్న ప్లేటు. ఎన్నిసార్లు చెప్పాలని అమ్మ అరుస్తుంది, వస్తున్నానంటూ ఫోన్ మీంచి తలెత్తకుండానే కొడుకు జవాబిస్తాడు. పదమూడేళ్లు దాటిన పిల్లలున్న ఇళ్లలో ఇది రోజూ జరిగే తగాదా. చూడ్డానికి చిన్నదే. కానీ దీని మీద మనస్తత్వ శాస్త్రం వాళ్లు, మానవ శాస్త్రం వాళ్లు, గణాంకాల వాళ్లు దశాబ్దాలుగా పని చేశారు. వాళ్లు తేల్చినవాటిలో మన ఇళ్లకు అక్కరకొచ్చేవేవో, నమ్మకూడనివేవో చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గది సర్దుకోవడం ఒక విషయం, ఇంటిపనిలో పాలు పంచుకోవడం మరో విషయం. రెంటినీ కలిపేసి ఒకే తిట్టులో పెడుతున్నాం కాబట్టే రెండూ జరగడం లేదు.

అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన జుడిత్ స్మెటానా 1980ల నుంచి ఎదిగే పిల్లలకూ తల్లిదండ్రులకూ మధ్య వచ్చే గొడవల మీద పరిశోధన చేశారు. రాజకీయాలు, మతం, నీతి లాంటి పెద్ద విషయాల మీద గొడవలు తక్కువేనని ఆమె గమనించారు. గది, ఇంటిపని, బట్టలు, హోంవర్కు, ఇంటికి తిరిగొచ్చే వేళ లాంటి రోజువారీ సంగతుల మీదే ఎక్కువ. ఆమె అక్కడితో ఆగలేదు. మీదే ఒప్పని ఎందుకనుకుంటున్నారని రెండు పక్షాలనూ అడిగారు. ఇంటికో పద్ధతి ఉండాలి, వచ్చినవాళ్లు చూస్తే ఏమనుకుంటారు, అలవాటు కావాలి కదా అన్నారు పెద్దవాళ్లు. అది నా గది, అందులో ఎలా ఉండాలో నేను చూసుకుంటాను అన్నారు పిల్లలు. పెద్దవాళ్లు కుటుంబ మర్యాద లెక్కన చూస్తున్న గదిని పిల్లలు సొంత విషయం లెక్కన చూస్తున్నారు. ఎవరి లెక్కలో వాళ్లు నిజాయితీగానే ఉన్నారు. మొండితనమనీ చాదస్తమనీ ఒకరికొకరు పేర్లు పెట్టుకుంటున్నారంటే, ఎదుటివాళ్ల లెక్క వేరని తెలియకే. వయసు పెరిగేకొద్దీ 'సొంతం' అనే గీత జరుగుతూ వస్తుంది. అది ఇంకా వేగంగా జరగాలని పిల్లలకు, నిదానంగా జరగాలని పెద్దలకు ఉంటుంది. ఈ వయసులో రగడంతా ఆ గీత దగ్గరే.

మన దగ్గర దీనికి ఇంకో మెలిక ఉంది. ఇప్పుడు నలభైలు, యాభైల్లో ఉన్న అమ్మానాన్నల్లో చాలామంది చిన్నప్పుడు సొంత గది అన్నది ఎరగరు. హాల్లో చాప పరిచి అందరూ వరసగా పడుకున్నారు. పుస్తకాలకు గోడలో ఒక గూడు, బట్టలకు ఒక ట్రంకు పెట్టె ఉండేవి. పొద్దున్నే పక్క తీయకపోతే ఎవరూ నడవడానికి ఉండేది కాదు, కనుక పక్క తీయడాన్ని ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. అలా పెరిగినవాళ్లు ఇవాళ పిల్లలకు అపార్ట్‌మెంట్లో ఒక గది ఇచ్చారు. ఆ గదికి తలుపుంది, తలుపు వేసుకుంటే లోపల గుట్టలు ఎవరికీ అడ్డం రావు. సర్దాల్సిన అవసరాన్ని తలుపే తీసేసింది. ఆ అవసరం ఉన్న చోట, అంటే గదిలో నానమ్మో చెల్లెలో కూడా పడుకుంటే, అది సొంత గది కాదు. అప్పుడు ఉమ్మడి జాగాకు ఉండే నియమాలే దానికీ ఉండాలి. పిల్లలు ఈ తేడాను బాగానే ఒప్పుకుంటారు, విడమరిచి చెబితే.

గదినీ ఇంటినీ ఎందుకు విడదీయాలంటున్నానో చెప్పడానికి జోన్ గ్రూసెక్, జాక్వెలిన్ గుడ్‌నౌ, లోరెంజో కోహెన్ 1996లో ప్రచురించిన పరిశోధన నాకు గట్టి ఆధారం. వాళ్లు పిల్లల పనులను రెండుగా విడదీశారు. తన పక్క దులుపుకోవడం, తన బట్టలు సర్దుకోవడం లాంటి సొంత పనులు ఒకటి. అందరి కంచాలు పెట్టడం, అందరి బట్టలు మడతపెట్టడం లాంటి ఇంటి పనులు రెండోది. ఎదుటివాళ్ల పట్ల తమంతట తాము పట్టింపు చూపడం కనిపించింది రెండో రకం పని చేసే పిల్లల్లోనే. అదీ అడిగినప్పుడల్లా చేసేవాళ్లలో కాదు, రోజూ తమ వంతుగా చేసేవాళ్లలో. తన గది తను సర్దుకోవడానికీ ఆ గుణానికీ సంబంధం కనబడలేదు. మనం మాత్రం మన బలమంతా మొదటి రకం మీదే ఖర్చు పెడుతున్నాం. గది కోసం వారమంతా పోట్లాడి అలిసిపోయిన తల్లి, రాత్రి సింకులో అంట్లు ఒంటరిగా తోముకుంటుంది. ఆ సమయంలో పిల్లవాడిని పిలవాలని ఆమెకు తోచదు, ఎందుకంటే ఆ రోజుకు గొడవల కోటా అయిపోయింది.

పిల్లలు స్వభావంగానే సోమరులన్న మాట అసలే తప్పు. 2006లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమాసెల్లో పద్దెనిమిది నెలల పిల్లల ముందు ఒక ప్రయోగం చేశారు. బట్టలు ఆరేస్తున్న మనిషి చేతిలోంచి క్లిప్పు జారిపడుతుంది, అందుకోలేకపోతాడు. నడక వచ్చీరాని పిల్లలు వెళ్లి తీసి ఇచ్చారు, ఎవరూ అడగకుండానే. మన ఇళ్లలోనూ చూస్తాం. మూడేళ్ల పిల్ల చీపురు లాక్కుంటుంది, చపాతీ పిండి ముద్ద నాకూ ఇవ్వమంటుంది. పిండంతా ఒలకబోస్తుందని మనం పక్కకు పంపిస్తాం, టీవీ పెడతాం. పదేళ్ల పాటు వెళ్లి ఆడుకో, వెళ్లి చదువుకో అని వంటింటి గడప దాటించి, పదమూడో ఏట ఒక్కసారిగా నీకు బాధ్యత లేదా అని అడుగుతాం.

ఇది అన్ని సమాజాల్లోనూ ఒకేలా జరగదు. మెక్సికోలో, గ్వాటెమాలాలో ఆదివాసీ మూలాలున్న కుటుంబాలను బార్బరా రొగోఫ్, ఆమె సహచరులు ఏళ్ల తరబడి గమనించారు. అక్కడ చిన్నపిల్లలను పని దగ్గరి నుంచి తోలేయరు. పని చెడినా పక్కనే ఉండనిస్తారు. కాస్త పెద్దయ్యేసరికి ఆ పిల్లలు ఏ పని పడి ఉందో తామే చూసి అందుకుంటారు. ఎలినార్ ఆక్స్, కరోలినా ఇజ్‌కియెర్డో 2009లో రాసిన వ్యాసంలో రెండు దృశ్యాలు పక్కపక్కన ఉంటాయి. పెరూ అడవుల్లో మాత్సిగెంకా తెగకు చెందిన ఆరేళ్ల పాప ఇంకో కుటుంబంతో కలిసి నది మీద వెళ్లి, ఎవరూ చెప్పకుండానే చాపల మీద ఇసుక ఊడ్చి, నదిలో పీతలు, రొయ్యల లాంటివి పట్టి, వండి పెడుతుంది. లాస్ ఏంజెలెస్‌లో ఎనిమిదేళ్ల పాప భోజనానికి కూర్చుని చెంచా కనబడక, నేనెలా తినాలి అని అడుగుతుంది. చెంచాలు ఎక్కడుంటాయో ఆమెకు తెలుసు, తండ్రే లేచి తెస్తాడు. ఆ రెండో భోజనం బల్ల మన ఊళ్లలోనూ చాలా ఇళ్లలో ఉంది.

ఇక్కడ మనల్ని సూటిగా తాకే సంగతి ఒకటుంది. బీట్రిస్ వైటింగ్, జాన్ వైటింగ్ నడిపిన ఆరు సంస్కృతుల అధ్యయనంలో 1950లలో చూసిన ఊళ్లలో ఒకటి ఉత్తరప్రదేశ్‌లోని ఖాలాపూర్. కెన్యాలోని న్యాన్సోంగో పిల్లలకు ఇంటిపని, తమ్ముళ్లూ చెల్లెళ్ల పెంపకం ఎక్కువ. ఇతరులను కనిపెట్టుకుని ఉండే ప్రవర్తన ఎక్కువగా కనిపించింది వాళ్లలో. ఖాలాపూర్ రాజపుత్ర పిల్లలు మాత్రం అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ పిల్లల వైపే ఉన్నారు. పల్లెటూరు, ఉమ్మడి కుటుంబం, పొలం పని అన్నీ ఉన్నా అంతే. ఆ ఇళ్లలో ఊడ్చే పని, నీళ్లు మోసే పని వేరే కులాల వాళ్లు వచ్చి చేసేవాళ్లు. మన తెలుగు మధ్యతరగతి ఇళ్లలో ఆ స్థానంలోకి పనావిడ వచ్చింది. అంట్లు, ఊడ్పు, తడిగుడ్డ ఆమె చేతికి వెళ్లాయి. పిల్లవాడు నేర్చుకున్నది శుభ్రం తన పని కాదని మాత్రమే కాదు, శుభ్రం చేసేవాళ్లు తనకంటే తక్కువవాళ్లని కూడా. మురికి చేయడం ఒక మనిషి పని, దాన్ని ఎత్తడం ఇంకో మనిషి పని అన్న ఆలోచన ఈ దేశంలో ఎంత దుర్మార్గానికి దారి తీసిందో మనకు తెలియనిది కాదు. టీనేజి పిల్లలతో వారానికో రోజు బాత్రూం కడిగించడం నా దృష్టిలో ఆరోగ్య పాఠం కంటే పెద్ద పాఠం. పనావిడ వచ్చే ఇళ్లలోనూ ఇది జరగాలి.

ఇక కొడుకు సంగతి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాలవినియోగ సర్వేలో ఆరేళ్లు పైబడిన వాళ్లను అడిగారు. జీతం లేని ఇంటిపని ఆ రోజున చేసిన ఆడవాళ్లు 81.2 శాతం, మగవాళ్లు 26.1 శాతం. చేసినవాళ్లలో కూడా ఆడవాళ్లు సగటున రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేశారు. ఇది పెళ్లయ్యాక మొదలయ్యే తేడా కాదు. 5 నుంచి 14 ఏళ్ల లోపు ఆడపిల్లలు అదే వయసు మగపిల్లల కంటే ఇంటిపనుల మీద 40 శాతం ఎక్కువ సమయం గడుపుతున్నారని 2016లో యూనిసెఫ్ ప్రపంచవ్యాప్తంగా లెక్క కట్టింది. కనుక పిల్లలతో ఇంటిపని చేయించడమెలా అన్న ప్రశ్న మన దగ్గర సగం ఇళ్లలో తప్పు ప్రశ్న. అక్కడ కూతురు చేస్తూనే ఉంది. అన్నయ్యకు మంచినీళ్లు ఇవ్వమ్మా అని పిలిపించుకుంటూనే ఉంది. అన్నయ్య గది కూడా ఆమే సర్దుతోంది. ఇల్లు శుభ్రం చేస్తూ చేస్తూ తన పేరే మరిచిపోయిన ఇల్లాలి కథ 'ఇల్లలకగానే' పి. సత్యవతి రాశారు. ఆ మరపుకు తొలి అక్షరాలు పన్నెండు, పదమూడేళ్లకే దిద్దిస్తున్నాం.

పిల్లవాడు మాటలకంటే నాన్నను ఎక్కువ చూస్తాడు. కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయే తండ్రి ఉన్న ఇంట్లో, కొడుకును నీ ప్లేటు నువ్వు తీయరా అని తల్లి ఎన్ని వందల సార్లు చెప్పినా అది గాలికి పోయే మాటే. ఈ ఒక్క విషయంలో పరిశోధన కోసం ఎదురు చూడనక్కర్లేదు.

చదువు పాడవుతుందన్నది మన తల్లిదండ్రుల పెద్ద భయం. ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, ఇంటర్‌లో పొద్దున్నుంచి రాత్రి దాకా క్లాసులూ స్టడీ అవర్లూ, చాలామందికి హాస్టలు. ఈ భయాన్ని కొట్టిపారేయను. చండీగఢ్‌లో ఎనిమిదో తరగతి చదివే మధ్యతరగతి పిల్లలను సుమన్ వర్మ, రీడ్ లార్సన్ బృందం పరిశీలించింది. వాళ్లు మేలుకుని ఉన్న సమయంలో మూడో వంతు చదువుకే పోతోందని, ఆ సమయంలో వాళ్ల మనసు బాగా కుంగి ఉంటోందని తేలింది. ఆ పిల్లల మీద మరో గంట పని మోపమని ఎవరూ అనరు. కానీ రోజుకు ఇరవై నిమిషాలు ఇంటికోసం చేసే పని బరువేనా? లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్, చైనీస్, యూరోపియన్ మూలాలున్న హైస్కూలు పిల్లల చేత ఈవా టెల్జర్, ఆండ్రూ ఫులిగ్ని రెండు వారాల పాటు రోజూ డైరీ రాయించారు. ఇంటికి సాయపడే పిల్లల్లో సంతోషం ఎక్కువగా కనిపించింది. మంచి కొడుకుగా, మంచి కూతురుగా నా వంతు నేను చేశానన్న భావన నుంచి ఆ సంతోషం వస్తోందని వాళ్లు చెప్పారు. ఎంట్రన్స్ ర్యాంకు తప్ప ఇంకే విషయంలోనూ తన అవసరం ఇంటికి లేదని అనుకుంటూ పెరిగే పిల్లవాడికి, ర్యాంకు రాకపోతే నిలబడటానికి ఇంకేమీ ఉండదు. ఇంటికి తన అవసరం ఉందన్న నమ్మకం వాడికి మనం ఇవ్వాల్సిన ఆస్తి.

ఎలాగూ ఇంటిపని చేసుకోవాల్సిన అవసరం రానే వస్తుంది. అమెరికాలో ఎమ్మెస్‌కు వెళ్లే తెలుగు పిల్లలు ఆవకాయ, పొడులు, కుక్కరు సర్దుకుని వెళ్లి నలుగురైదుగురు కలిసి ఉంటారు. వంట వంతులు, గిన్నెల వంతులు వేసుకుంటారు. ఆ ఇళ్లలో స్నేహాలు చెడేది ఎక్కువగా సింకు దగ్గరే.

ఈ విషయం మీద చలామణీలో ఉన్న కొన్ని మాటలను జల్లెడ పట్టాలి. ఇంటిపని చేసిన పిల్లలే జీవితంలో గెలుస్తారని హార్వర్డ్ 80 ఏళ్ల అధ్యయనంలో తేలిందంటూ వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. దీనికి మూలం జార్జ్ వేలంట్, కరోలిన్ వేలంట్ 1981లో ప్రచురించిన వ్యాసం. బోస్టన్ పేదవాడల్లో పెరిగిన 456 మంది మగవాళ్లను వాళ్లు పరిశీలించారు. చిన్నప్పుడు కష్టపడే గుణం ఉన్నవాళ్లు నడివయసులో మెరుగ్గా ఉన్నమాట నిజం. కానీ ఆ గుణాన్ని కొలవడంలో ఇంటిపనితో పాటు చిన్నచిన్న ఉద్యోగాలు, బళ్లో శ్రద్ధ, ఇతర వ్యాపకాలు అన్నీ కలిపారు. అంట్లు తోమితే కోటీశ్వరులవుతారని అందులో లేదు. చెల్లాచెదురుగా ఉన్న గదిలో సృజన పెరుగుతుందని పిల్లలు చూపించే క్యాథలీన్ వోస్ 2013 ప్రయోగం కూడా అంతే. పెద్దవాళ్లను కాసేపు అలాంటి గదిలో కూర్చోబెట్టి చేసిన పరీక్ష అది. నెలల తరబడి గదిని అలాగే వదిలేయడానికి అనుమతి పత్రం కాదు.

డబ్బు ఇవ్వడం గురించి ఇళ్లలో రెండు వాదనలున్నాయి. నేను ఇవ్వకూడదనే వైపు. 1971లో ఎడ్వర్డ్ డెసి, 1973లో మార్క్ లెపర్ బృందం చేసిన ప్రయోగాల నుంచి ఒక సంగతి పదేపదే కనిపిస్తోంది. ఇష్టంగా చేసే పనికి ముందే బహుమతి ఒప్పుకుంటే, బహుమతి ఆగాక ఇష్టం తగ్గుతుంది. వార్నెకెన్, టొమాసెల్లో 2008లో ఇరవై నెలల పిల్లల్లోనే దీన్ని చూశారు. సాయానికి బొమ్మ ఇచ్చిన పిల్లలు తర్వాత తక్కువగా సాయం చేశారు. అంట్లు తోమడం పిల్లలకు మొదటే ఇష్టం లేదు కదా, పోయేదేముందని అడగొచ్చు. పోయేది ఇల్లు మనందరిదన్న భావం. గిన్నెలకు ఇరవై రూపాయలు కట్టిన మరుక్షణం, నాకు ఇవాళ డబ్బు అక్కర్లేదు అనే హక్కు వాడికి వచ్చేస్తుంది. కారు కడగడం, అటక దులపడం లాంటి అదనపు పనులకు ఇస్తే తప్పు లేదు. జర్మనీ పౌరస్మృతి 1619వ సెక్షను తల్లిదండ్రుల ఇంట్లో ఉండే పిల్లలు తమ శక్తి కొద్దీ ఇంటిపనిలో సాయపడాలంటుంది. చట్టంతో పిల్లవాడి చేతికి చీపురు రాదు, కానీ అది కూలి కాదు, కుటుంబంలో సభ్యత్వమన్న సూత్రం మాత్రం సరైనదే.

మరి చేయించడమెలా? సాయం చెయ్యి అనడం మానేయండి. సాయం అంటే పని అమ్మది, చెయ్యి వేసేది పిల్లవాడు అని అర్థం. ఒక పనిని మొత్తంగా అప్పగించండి. చెత్త వాడిదైతే, తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం, పొద్దున బండి వచ్చే వేళకు కిందికి తీసుకెళ్లడం, డబ్బా కడిగి బోర్లించడం అంతా వాడిదే. బండి తప్పిపోతే ఆ రోజు ఇంట్లో వచ్చే వాసన గురించి వాడే ఆలోచించుకోవాలి. శనివారం రాత్రి వంట ఒకరిదైతే ఏం వండాలో నిర్ణయించడం, కూరగాయలు తరగడం, పొయ్యి గట్టు తుడవడం దాకా ఒకరిదే. 2020 మేలో తెలంగాణ పురపాలక శాఖ ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అనే పిలుపునిచ్చింది. కూలర్లో, పూలకుండీల కింద నిలిచిన నీళ్లు పారబోసి డెంగీ దోమను ఆపడం దాని ఉద్దేశం. పద్నాలుగేళ్ల పిల్లకు లేదా పిల్లవాడికి ఇవ్వడానికి ఇంతకంటే మంచి పని దొరకదు. దానికి వేళ ఉంది, కారణం ఉంది, ఇంటిల్లిపాదికీ లాభం ఉంది.

అప్పగించాక వెనకాలే తిరగకూడదు. వాడు మడతపెట్టిన చొక్కాలు విప్పి మళ్లీ మడతపెట్టడం, నువ్వు చేస్తే పని పెరుగుతుందనడం, పిల్లలను శాశ్వతంగా దూరం చేసే రెండు పనులు. ఆదివారం పొద్దున ఆరింటికి లేపి పనికి పెట్టడం కూడా వృథా. యుక్తవయసులో నిద్ర వేళ శరీరంలోనే ఆలస్యం వైపు జరుగుతుంది. సాయంత్రం అయితే అదే పని సగం మాటలతో అవుతుంది. అలవాటు పడటానికి టైమిస్తేనే పడుతుంది. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 2010లో 96 మందిని గమనిస్తే, ఒక రోజువారీ పని తనంతట తాను జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలాయి, మరికొందరి విషయంలో లెక్క 254 దాకా వెళ్లింది. మధ్యలో ఒక రోజు మానేస్తే పెద్ద నష్టం లేదని కూడా తేలింది. రెండు వారాలు చూసి మా వాడికి చెప్పినా దండగ అని చేతులెత్తేసే ముందు ఈ లెక్క గుర్తు చేసుకోవాలి.

గదికి మూడు నాలుగు నియమాలు చాలు, అవీ ఎక్కువగా ఆరోగ్యానికి సంబంధించినవి. ఎంగిలి ప్లేట్లు రాత్రికి బయటికి రావాలి. తడి బట్టలు మంచం మీద ఉండకూడదు. వారానికోసారి నేల కనబడేలా ఎత్తి ఊడవాలి. బుట్టలో వేయని బట్టలు ఉతుక్కు వెళ్లవు. మిగతాదానికి తలుపు వేసేయండి. తలుపు కొట్టకుండా వెళ్లి, బల్ల సొరుగులు సర్దే నెపంతో వెతకడం మానేయండి. అయితే ఒక జాగ్రత్త. ఎప్పుడూ బాగానే ఉండే పిల్లవాడి గది ఉన్నట్టుండి పాడైపోయి, దాంతో పాటు స్నానం, తిండి, నిద్ర, స్నేహితులు కూడా తప్పిపోతుంటే, అది బద్ధకం కాకపోవచ్చు. డిప్రెషన్ అలా కూడా కనబడుతుంది. అప్పుడు తిట్టకుండా పక్కన కూర్చోవాలి, డాక్టరును కలవాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు.

మొక్కై వంగనిది అన్న సామెత చెప్పి ఇక ఆలస్యమైపోయిందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. చిన్నప్పటి నుంచి మొదలుపెడితే సులువన్నది నిజమే, కానీ పదిహేనేళ్ల పిల్లలకు పదిహేనేళ్ల పిల్లల పని ఇస్తే చేస్తారు. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు అయిపోయిన వేసవి దీనికి మంచి కాలం. ఈ వేసవిలో గది మాట ఎత్తకుండా, ఇంటి పని ఒకటి పూర్తిగా మీ పిల్లల చేతికి ఇవ్వండి. కొడుకూ కూతురూ ఇద్దరూ ఉంటే ముందు కొడుక్కి ఇవ్వండి. నాన్నలు తమ కంచం తాము తీయడం ఆ రోజు నుంచే మొదలుపెట్టండి.